ఏడు వేల ఆర్‌పీఎం దగ్గర రెండో గేరు ఎందుకు మొరాయిస్తుంది?

నెల్లూరు, ఒంగోలు వైపు మాన్యువల్ గేరు కార్లంటే పడిచచ్చే కుర్రాళ్లకి ఇప్పుడు కొదవ లేదు. వర్టస్ జీటీ, ఐ20 ఎన్ లైన్ లాంటివి కొత్తవి కొనేవాళ్లు కొందరు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో సెకండ్ హ్యాండ్‌లో పాత హోండా సిటీ వీటెక్, పాత ఆక్టేవియా వీఆర్‌ఎస్ తెచ్చుకుని, రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగుల మార్పు) చేయించి, వీలు చూసుకుని శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద తిప్పుకొచ్చేవాళ్లు ఇంకొందరు. ఈ కార్లు ఎక్కడుంటే అక్కడ రెడ్‌లైన్ గురించి, అంటే ఇంజన్ దాటకూడదని మీటరు మీద ఎర్రగా గుర్తుపెట్టిన వేగం గురించి, ఒక వాదన కూడా ఉంటుంది. "రెడ్‌లైన్ కంపెనీ పెట్టిందే కదా, అక్కడిదాకా లాగి గేరు మారిస్తే తప్పేముంది?" అని ఒకరు. "అట్టా కొడితే సింక్రో పోద్ది, బాక్స్ దించుకోవాల్సిందే" అని ఇంకొకరు. (సింక్రో అంటే గేరు పడేముందు వేగాలు కలిపే భాగం, బాక్స్ అంటే గేర్‌బాక్స్.)

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. చిక్కేమిటంటే ఇద్దరూ ఆర్‌పీఎం మీటరు మీది అంకెనే గేర్‌బాక్స్ పరిమితి అనుకుంటున్నారు. ఆ మీటరు చూపించేది ఇంజన్ తిరిగే వేగం, నిమిషానికి ఎన్ని చుట్లో. గేరు మారే క్షణంలో మాత్రం గేర్‌బాక్స్‌కి ఇంజన్‌తో సంబంధమే ఉండదు. మరి పరిమితి ఎక్కడిది?

గేర్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి

గేరు మార్చడమంటే ఒక పళ్లచక్రాన్ని తప్పించి ఇంకో పళ్లచక్రాన్ని తగిలించడం అనుకుంటాం. ఈ కాలం కార్లలో అలా జరగదు. అన్ని గేర్ల జతలూ ఎప్పుడూ ఒకదానిలో ఒకటి పళ్లు కలుపుకుని తిరుగుతూనే ఉంటాయి. ప్రతి జతలోనూ ఒక చక్రం మాత్రం తన షాఫ్ట్ మీద స్వేచ్ఛగా, బేరింగ్ మీద దొర్లుతూ ఉంటుంది. మనం లివర్ లాగినప్పుడు ఆ చక్రాన్ని షాఫ్ట్‌కి బిగిస్తున్నాం, అంతే. బిగించేది స్లీవ్ అనే ఉక్కు కడియం. అది షాఫ్ట్‌కి బిగించి ఉన్న హబ్ మీద జారుతూ వచ్చి గేరు పక్కనే ఉన్న చిన్న పళ్ల వరసని పట్టుకుంటుంది. ఆ చిన్న పళ్లనే డాగ్ టీత్ అంటారు.

ఇక్కడే ఇబ్బంది. స్లీవ్, హబ్ కారు చక్రాలతో పాటు తిరుగుతున్నాయి. కారు వేగం ఎంతో వాటి వేగం అంత. గేరు చక్రం మాత్రం క్లచ్ ప్లేట్ వైపు షాఫ్ట్‌తో ముడిపడి తిరుగుతోంది. రెండిటి వేగం ఒకటి కాదు. కదిలే బస్సెక్కేవాడు ముందు బస్సుతో సమానంగా పరుగెత్తి ఆ తర్వాతే కమ్మీ పట్టుకున్నట్టు, ఇక్కడా ముందు వేగాలు కలవాలి. కలవకుండా పట్టుకోబోతే కర్ర్‌మంటుంది.

పాత రోజుల్లో ఆ కలపడం డ్రైవరు పని. సింక్రో లేని పాత లారీలు నడిపినవాళ్లకి డబల్ క్లచ్ (ఒక్క గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు నొక్కడం) కొట్టడం చేతికీ కాలికీ అబ్బిన విద్య. 1928లో క్యాడిలాక్ కంపెనీ తన 1929 మోడల్ కార్లలో సింక్రోమెష్ తెచ్చింది. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు దాని రూపకర్త. అప్పటి నుంచి వేగాలు కలిపే పని గేర్‌బాక్సే చేసుకోవడం మొదలైంది. అయినా అన్ని గేర్లకీ ఆ సదుపాయం రావడానికి చాలా ఏళ్లు పట్టింది. మన పాత అంబాసిడర్‌లో ఫస్ట్ గేరుకి సింక్రో లేదు. కారు పూర్తిగా ఆగకుండా ఫస్ట్‌లో వేయబోతే అది ఎలా అరిచేదో ఆ కారు నడిపిన పెద్దవాళ్లని అడిగితే చెబుతారు.

ఇత్తడి రింగు చేసే పని

నెల్లూరు ఆటోనగర్‌లో బాక్స్ విప్పి పెట్టిన బల్ల దగ్గర నిలబడితే ఈ రింగుని దగ్గరగా చూడొచ్చు. అరచేతిలో పట్టేంత ఇత్తడి రింగు. లోపలివైపు గరాటులా ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు మీద గోరుతో గీస్తే తెలిసేంత సన్నని మరలు. బయటి అంచున మొనదేలిన చిన్న పళ్లు. గేరు మీద దీనికి సరిపోయే నున్నటి ఉక్కు కోన్ ఉంటుంది.

స్లీవ్ కదలగానే మొదట రింగుని కోన్ మీదికి నొక్కుతుంది. సన్నని మరలు కోన్ మీది ఆయిల్ పొరని తుడిచేస్తాయి. ఇత్తడీ ఉక్కూ రాసుకుంటాయి. ఆ రాపిడికి రింగు కొంచెం పక్కకి తిరిగి, తన మొనలు సరిగ్గా స్లీవ్ మొనలకి ఎదురొచ్చేలా నిలబడుతుంది. అంటే దారికి అడ్డం. వేగాల్లో తేడా ఉన్నంతసేపూ రాపిడి ఉంటుంది, రాపిడి ఉన్నంతసేపూ రింగు అడ్డం తొలగదు. వేగాలు కలిసిన క్షణాన రాపిడి సున్నా అవుతుంది, స్లీవ్ మొనలు రింగుని సులువుగా పక్కకి తోసుకుని, దాన్ని దాటి డాగ్ టీత్‌లోకి వెళ్లిపోతాయి. లివర్ మధ్యలో లీలగా ఒక్క క్షణం ఆగి, తర్వాత లోపలికి జారినట్టు అనిపించేది ఇందుకే.

అంటే ఈ రింగు ఒక చిన్న బ్రేకు, ఒక కాపలాదారు. రెండు పనులూ ఒకే ఇత్తడి ముక్క చేస్తోంది. ఏ పని ఎప్పుడు చెడుతుందన్నదే ఈ వ్యాసమంతా.

క్లచ్ నొక్కాక ఇంజన్ లెక్కలో లేదు

గేరు మారేటప్పుడు రెండు వేర్వేరు చోట్ల వేగాలు కలవాలి. ఒకటి, గేర్‌బాక్స్ లోపల గేరుకీ హబ్‌కీ మధ్య. దీన్ని సింక్రో చూసుకుంటుంది. రెండు, గేరు పడ్డాక ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య. దీన్ని క్లచ్ చూసుకుంటుంది, పెడల్ వదిలేటప్పుడు కాస్త జారి.

క్లచ్ పూర్తిగా నొక్కినప్పుడు సింక్రో ఆపాల్సింది ఇంజన్‌ని కాదు. క్లచ్ ప్లేట్, దానికి పట్టిన ఇన్‌పుట్ షాఫ్ట్, దాని పక్కన తిరిగే లే షాఫ్ట్, వాటితో తిరిగే గేర్లు. వీటిలో చుట్టుకొలత పెద్దది, బరువంతా అంచున ఉన్నది క్లచ్ ప్లేటే కాబట్టి పెద్ద వాటా దానిదే. ఇది గుర్తుపెట్టుకుంటే సగం వాదనలు తీరిపోతాయి. ఉదాహరణకి తేలికైన ఫ్లైవీల్ వేయిస్తే గేర్లు బాగా పడతాయని కొందరి నమ్మకం. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఇంజన్ వైపు ఉంటుంది. దానివల్ల ఇంజన్ ఆర్‌పీఎం త్వరగా దిగుతుంది, పెడల్ వదిలినప్పుడు కుదుపు తగ్గుతుంది. సింక్రో మోసే బరువు మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గదు. తేలికైన క్లచ్ ప్లేట్ వేస్తే తగ్గుతుంది.

లెక్క వేసి చూస్తే

ఒక ఊహాజనిత కారు తీసుకుందాం. గేరు నిష్పత్తులు ఫస్ట్ 3.5, సెకండ్ 2.0, థర్డ్ 1.4, ఫోర్త్ 1.05. ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత, చక్రాలకి ముందు వచ్చే చివరి గేర్ల నిష్పత్తి) 4.1. టైరు చుట్టుకొలత 1.9 మీటర్లు. రెడ్‌లైన్ 7,000.

ఫస్ట్‌లో 7,000 దగ్గర కారు వేగం గంటకి దాదాపు 56 కిలోమీటర్లు. అదే వేగంలో సెకండ్ గేరు పడాలంటే ఇన్‌పుట్ షాఫ్ట్ 4,000కి దిగాలి (7,000ని 3.5తో భాగించి 2.0తో గుణిస్తే వచ్చేది). అంటే సింక్రో 3,000 ఆర్‌పీఎం తినేయాలి. అదే ఊళ్లో మామూలుగా 3,500 దగ్గర మారిస్తే తేడా 1,500 మాత్రమే.

తేడా రెట్టింపయింది, భారం మాత్రం నాలుగింతలు అవుతుంది. తిరిగే వస్తువులో ఉన్న శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి. క్లచ్ ప్లేటుతో సహా ఆ తిరిగే సరంజామా జడత్వ భ్రామకం (తిరిగే వేగం మారకుండా ఎదురు నిలిచే గుణం) 0.01 కిలో-చదరపు మీటరు అనుకుంటే, 3,500 దగ్గర రింగు మింగాల్సిన శక్తి సుమారు 123 జౌళ్లు, 7,000 దగ్గర సుమారు 493 జౌళ్లు.

ఇక టైము. లివర్ మీద చేతి బలం పది కిలోల బరువంత, లివర్ దాన్ని పదింతలు చేసి స్లీవ్‌కి అందిస్తోంది అనుకుందాం. రింగు వ్యాసార్థం 35 మిల్లీమీటర్లు, కోన్ వాలు ఆరున్నర డిగ్రీలు, రాపిడి గుణకం 0.1. అప్పుడు రింగు దగ్గర పుట్టే బ్రేకు టార్క్ (తిప్పే బలం) దాదాపు 30 న్యూటన్ మీటర్లు. సెకండ్ గేరు నిష్పత్తి 2.0 కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్‌కి అందేది అందులో సగం. దానితో 1,500 ఆర్‌పీఎం తగ్గించడానికి సెకనులో పదో వంతు పడుతుంది, 3,000 తగ్గించడానికి ఐదో వంతు.

సెకనులో ఐదో వంతు అంటే 493 జౌళ్లు దాదాపు రెండున్నర కిలోవాట్ల లెక్కన ఆ చిన్న రింగులోకి దిగుతున్నాయి. వంద గ్రాముల ఇత్తడి మొత్తానికి ఆ వేడి పంచితే పదమూడు డిగ్రీలే పెరుగుతుంది, పెద్ద విషయం కాదు. కానీ పంచుకునేంత టైము ఎక్కడుంది? అంత తక్కువ వ్యవధిలో వేడంతా రాసుకునే పైపొరలోనే నిలుస్తుంది. అరిగేదీ మాడేదీ ఆ పైపొరే. ట్రాక్ మీద ల్యాప్ తర్వాత ల్యాప్ ఇదే జరుగుతుంటే కింది వేడి చల్లారకముందే పైన కొత్త వేడి పడుతుంది.

ఇప్పుడు మిగతా గేర్లు చూడండి. 7,000 దగ్గర సెకండ్ నుంచి థర్డ్‌కి తేడా 2,100, శక్తి దాదాపు 240 జౌళ్లు. థర్డ్ నుంచి ఫోర్త్‌కి తేడా 1,750, దాదాపు 170 జౌళ్లు. ఒకే రెడ్‌లైన్ దగ్గర ఫస్ట్ నుంచి సెకండ్‌కి మారడం థర్డ్ నుంచి ఫోర్త్‌కి మారడం కన్నా దాదాపు మూడింతల భారం. బాక్స్ విప్పితే మొదట అరిగి కనిపించేది సెకండ్ గేరు రింగే కావడంలో వింత లేదు. ఊళ్లో తిరిగేటప్పుడు ఎక్కువసార్లు పడేదీ అదే.

ఇంకో సంగతి. ఈ కారులో సెకండ్ గేరు 7,000 చేరేసరికి వేగం 97 దాటుతుంది. జాతీయ రహదారుల్లో నాలుగు, ఆపై వరసల విభజిత రోడ్డు మీద కార్లకి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం 100. అంటే నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు దాకా హైవే మీద చట్టం దాటకుండా రెడ్‌లైన్ దగ్గర మార్చగలిగేది ఫస్ట్ నుంచి సెకండ్, సెకండ్ నుంచి థర్డ్ మాత్రమే. సరిగ్గా సింక్రోకి బరువైన రెండూ!

గట్టిగా లాగితేనా, తొందరగా లాగితేనా?

బలంగా లాగితే సింక్రో అడ్డాన్ని విరగ్గొట్టుకుని గేరు వెళ్తుంది, అందుకే పళ్లు చెడతాయి అని చాలామంది అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. లోపల జరిగేది వేరు.

స్లీవ్ రింగుని పక్కకి తోయడానికి చేసే బలం, రాపిడి వల్ల రింగు ఎదురు నిలిచే బలం, రెండూ చేతి బలంతో పాటే పెరుగుతాయి. చెయ్యి రెట్టింపు చేస్తే రెండూ రెట్టింపు. గెలుపెవరిదో తేల్చేది బలం కాదు, రాపిడి గుణకం, మొనల కోణం, కోన్ వాలు. ఇవి సరిగ్గా ఉన్నంతవరకూ ఎంత లాగినా అడ్డం నిలుస్తుంది. పైగా గట్టిగా నొక్కితే బ్రేకు టార్క్ పెరిగి వేగాలు ఇంకా త్వరగా కలుస్తాయి. శక్తి అంతే, టైము తగ్గుతుంది, వేడి పుట్టే రేటు పెరుగుతుంది. షిఫ్ట్ ఫోర్కులు, లింకేజీ మీద ఒత్తిడి పెరగడం మాత్రం నిజం.

అసలు ప్రమాదం తొందరలో ఉంది. రింగు ఆయిల్ పొరని తుడిచి, పక్కకి తిరిగి, అడ్డంగా నిలబడడానికి కొంచెం టైము కావాలి. న్యూట్రల్ దాటే చోట లివర్‌ని చెంపదెబ్బలా కొడితే రింగు తన స్థానంలోకి రాకముందే స్లీవ్ దాన్ని దాటేయొచ్చు. అప్పుడు మొన మొనకి గుద్దుకుంటుంది. అరిగిన రింగులో ఇది ఇంకా సులువు. మరలు నున్నబడిపోతే ఆయిల్ పొర తెగదు, రాపిడి గుణకం పడిపోతుంది, కాపలా పని ముందే చేతులెత్తేస్తుంది. అనుభవమున్న మెకానిక్కులు "లాగొద్దు, ఆనించి పట్టుకో, అదే పోద్ది" అని చెప్పే మాటలో ఈ భౌతికశాస్త్రమంతా ఉంది.

లిమిటర్ పెంచినప్పుడు

కంపెనీ నుంచి వచ్చిన కారులో ఇంజన్ రెడ్‌లైన్, క్లచ్, గేర్‌బాక్స్ ఒకదానికొకటి చూసుకుని పెట్టినవే. అందుకే "రెడ్‌లైన్ కంపెనీ పెట్టిందే కదా" అనేవారి వాదన అక్కడివరకూ సరైనదే. అప్పుడప్పుడు అక్కడ మారిస్తే ఏమీ కాదు, రోజూ మారిస్తే రింగు ఆయుష్షు తగ్గుతుంది.

సీన్ మారేది రీమ్యాప్‌లో. ఇదే కారుకి లిమిటర్, అంటే ఇంజన్‌ని ఒక వేగం దాటనివ్వని ఏర్పాటు, 8,000కి పెంచారనుకోండి. ఫస్ట్ నుంచి సెకండ్‌కి భారం 31 శాతం పెరుగుతుంది. పెరిగిన టార్క్‌ని తట్టుకోవాలని బరువైన సెరామిక్ క్లచ్ ప్లేట్ వేయించి, తిరిగే సరంజామా జడత్వం 30 శాతం పెరిగిందనుకోండి. రెండూ కలిపితే భారం 70 శాతం ఎక్కువ. ఇంజన్‌లో మార్పుల గురించి గంటలు మాట్లాడే ట్యూనర్లు ఈ క్లచ్ ప్లేట్ బరువు ఊసే ఎత్తరు. నాకు అర్థం కానిది అదే.

ఇంకో చిక్కు, క్లచ్ పూర్తిగా విడవకపోవడం. పెడల్ పూర్తిగా నొక్కినా ప్లేట్ కాస్త రాసుకుంటూ ఉంటే ఇంజన్ ఇన్‌పుట్ షాఫ్ట్‌ని లాగుతూనే ఉంటుంది. పై ఉదాహరణలో ఇన్‌పుట్ షాఫ్ట్‌కి అందిన బ్రేకు టార్క్ పదిహేను న్యూటన్ మీటర్లు. క్లచ్ ఈడ్పు అందులో ఐదు తినేస్తే టైము 0.2 నుంచి 0.3 సెకన్లకి పోతుంది, రింగు మింగే వేడి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. అంతకన్నా చెడ్డది, వేగాలు కలిశాక కూడా ఈడ్పు వల్ల రాపిడి సున్నాకి రాదు, అడ్డం తొలగదు. అప్పుడు డ్రైవరుకి తెలిసేది ఒక్కటే, "పైన గేరు పడట్లేదు". సింక్రో మీదికి నెపం వెళ్తుంది, తప్పు క్లచ్‌ది.

తొమ్మిది వేలూ, పన్నెండు వేలూ

మరి కొన్ని కార్లు అంత పైన ఎలా మారుస్తున్నాయి? హోండా ఎస్2000 మొదటి తరం రెడ్‌లైన్ 9,000. మాన్యువల్ పోర్షే 911 జీటీ3ది కూడా 9,000. ఫోర్డ్ షెల్బీ జీటీ350ది 8,250. గోర్డన్ ముర్రే టీ.50లో కాస్‌వర్త్ వీ12 ఇంజన్ 12,100 దాకా తిరుగుతుంది, దానికి ఎక్స్‌ట్రాక్ కంపెనీ చేసిన ఆరు గేర్ల మాన్యువల్ బాక్స్.

ఒక దారి కోన్‌లు పెంచడం. ఒకే రింగు బదులు ఒకదానిలో ఒకటి దూరే రెండు మూడు రాపిడి ఉపరితలాలు పెడతారు. అదే చేతి బలానికి బ్రేకు టార్క్ దాదాపు ఆ మేరకు పెరుగుతుంది, వేడి కూడా ఎక్కువ చోటికి పంచుకుంటుంది. ట్రెమెక్ టీఆర్-6060 గేర్‌బాక్స్‌లో ఫస్ట్, సెకండ్‌లకి ట్రిపుల్ కోన్, పై గేర్లకి డబల్ కోన్. మన లెక్కలో భారం ఎక్కడ ఎక్కువ వచ్చిందో అక్కడే మూడు. ఇంకో దారి పదార్థం. ఇత్తడికి బదులు మాలిబ్డినం పూత, కార్బన్ పొర. కార్బన్ వేడికి తట్టుకుంటుంది, వేడెక్కినా దాని రాపిడి గుణకం పెద్దగా మారదు. ఎస్2000కి 2004 మోడల్ నుంచి కార్బన్ సింక్రోలు వచ్చాయి. గేర్ల మధ్య ఎడం తగ్గించడం మూడో దారి. ఐదు గేర్ల బదులు ఆరు దగ్గర దగ్గరగా పెడితే ఒక్కో మార్పులో పడే ఆర్‌పీఎం తగ్గుతుంది, వర్గం లెక్క ఇక్కడ మనకి అనుకూలంగా పనిచేస్తుంది.

క్లచ్‌ని చిన్నది చేయడం నాకు అన్నిటికన్నా తెలివైన దారిగా కనిపిస్తుంది. ఒకే మందం ఉన్న ప్లేటు జడత్వం వ్యాసానికి నాలుగో ఘాతంగా మారుతుంది. 240 మిల్లీమీటర్ల ప్లేటు ఒకటి తీసేసి 180 మిల్లీమీటర్లవి రెండు పెట్టారనుకోండి. చిన్నది ఒక్కోటి పెద్దదానిలో 32 శాతం, రెండూ కలిపి 63 శాతమే. పట్టే ఉపరితలాలు రెండు నుంచి నాలుగయ్యాయి, సింక్రో మీది బరువు మాత్రం మూడో వంతుకి పైగా తగ్గింది. జీటీ350లో డబల్ డిస్క్ క్లచ్ ఉండడం ఊరికే కాదు.

కాబట్టి సింక్రో బాక్సుకి ఇదే గరిష్ఠ ఆర్‌పీఎం అనే అంకె ప్రకృతిలో లేదు. గేర్‌బాక్స్ కంపెనీ "ఇంత దాకా మార్చొచ్చు" అని ఒక అంకె చెబితే, ఫలానా బరువు క్లచ్ ప్లేటుతో, ఫలానా ఆయిల్‌తో, ఫలానా గేర్ల ఎడంతో అన్నది దాని వెనక దాగి ఉంటుంది.

బైకుకి లేని బాధ కారుకెందుకు?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. యమహా ఆర్15 గరిష్ఠ శక్తి ఇచ్చేదే 10,000 ఆర్‌పీఎం దగ్గర. కుర్రాడు కాలితో టక్కున కొడితే గేరు పడుతుంది. అందులో సింక్రోలే లేవు!

బైకులో డాగ్ బాక్స్ ఉంటుంది. సన్నని పళ్ల వరస బదులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పెద్ద కొమ్ములు, వాటి మధ్య విశాలమైన ఖాళీలు. వేగాలు కాస్త తేడాగా ఉన్నా ఆ ఖాళీలో కొమ్ము పడిపోయి టక్‌మని పట్టుకుంటుంది. ఇది చెల్లుబాటు కావడానికి కారణం తిరిగే సరంజామా చిన్నది కావడం, క్రాంక్ నుంచి గేర్‌బాక్స్‌కి వచ్చేలోపే ప్రైమరీ గేర్లు వేగాన్ని బాగా తగ్గించడం, గేర్లు దగ్గర దగ్గరగా ఉండడం. తేడా తక్కువ, జడత్వం తక్కువ, అందుకే దెబ్బ చిన్నది.

రేసు కార్లూ డాగ్ బాక్సులే వాడతాయి. మార్పు సింక్రో కన్నా చాలా వేగం, అడ్డం పడే రింగు లేదు. దాన్ని రోడ్డు కారులో వేసుకోవాలా అన్నది వేరే సంగతి. ఊళ్లో నెమ్మదిగా, సగం మనసుతో గేరు మారిస్తే కొమ్ముల అంచులు గుండ్రబడిపోతాయి. దానితో పాటు తరచుగా వచ్చే స్ట్రెయిట్ కట్ (పళ్లు ఏటవాలు లేకుండా తిన్నగా ఉండే) గేర్ల రొద వేరు. రేసు టీములు గంటల లెక్కన బాక్స్ విప్పి చూసుకుంటాయి. నెల్లూరు వీఆర్సీ సెంటర్ ట్రాఫిక్‌లో తిరిగే కారుకి అది నరకం.

డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్న కార్లలో సింక్రో ఉండదనుకుంటే పొరపాటు. ఉంటుంది. తర్వాతి గేరుని ముందుగానే వేసి పెట్టుకుంటుంది కాబట్టి దానికి తొందర లేదు. మారుతి ఏజీఎస్ లాంటి ఏఎంటీల్లో (తనే గేరు మార్చుకునే మాన్యువల్స్‌లో) అయితే మామూలు మాన్యువల్ బాక్సే, చెయ్యి బదులు మోటారో హైడ్రాలిక్కో లాగుతుంది.

హీల్ అండ్ టో సింక్రోని కాపాడుతుందా?

బ్రేకు నొక్కుతూనే మడమతో యాక్సిలరేటర్ తట్టి కింది గేరుకి మారడాన్ని హీల్ అండ్ టో అంటారు. దానివల్ల సింక్రోకి మేలని విస్తృతంగా ప్రచారం. క్లచ్ నొక్కే ఉంచి రేజ్ చేస్తే ఇంజన్ వేగమే పెరుగుతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్‌కి తెలియదు. పెడల్ వదిలినప్పుడు కుదుపు ఉండదు, ఇంజన్ తిప్పే చక్రాలు జారవు, క్లచ్ బతుకుతుంది. ఇవన్నీ నిజమైన లాభాలే. సింక్రో మాత్రం తన పని పూర్తిగా తనే చేసుకోవాలి.

సింక్రో పని తగ్గాలంటే లారీ డ్రైవర్ల విద్యే దిక్కు. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, రేజ్ చేసి, మళ్లీ నొక్కి, అప్పుడు గేరు వేయడం. క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ తనతో పాటు ఇన్‌పుట్ షాఫ్ట్‌ని కూడా కొత్త వేగానికి తీసుకొస్తుంది. డబల్ క్లచ్ పాతబడిన అలవాటు, ఆధునిక బాక్సుకి అక్కర్లేదు అనేవాళ్లూ ఉన్నారు. మామూలు వాడకానికి వాళ్లు చెప్పింది సరే. రింగు అరిగిన బాక్సులో, పైస్థాయి ఆర్‌పీఎంలో కిందికి మార్చేటప్పుడు దాని విలువ వేరు. ఎందుకంటే పైకి మార్చేటప్పుడు షాఫ్ట్ వేగం తగ్గాలి, ఆయిల్ ఈడ్పు సింక్రోకి సాయం చేస్తుంది. కిందికి మార్చేటప్పుడు వేగం పెరగాలి, అదే ఈడ్పు ఎదురు తిరుగుతుంది.

లిమిటర్ ఆపలేని తప్పు

ఇదే కారు ఫోర్త్‌లో 6,000 దగ్గర ఉంది. థర్డ్‌కి వెళ్లాల్సిన లివర్ పొరపాటున సెకండ్‌లోకి వెళ్లింది. గేరు పడితే ఇన్‌పుట్ షాఫ్ట్ 11,400 దాటుతుంది. సింక్రోకి ఇంజన్ రెడ్‌లైన్ ఎంతో తెలియదు. వేగాలు కలపమన్నాం, తన శక్తి మేరకు కలుపుతుంది. పెడల్ వదలగానే చక్రాలు ఇంజన్‌ని ఆ వేగానికి తిప్పుతాయి. లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదు కానీ చక్రాలు తిప్పేదాన్ని ఆపలేదు. వాల్వులు పిస్టన్లకి తగిలేది ఇక్కడే.

చాలామందికి తెలియని ముక్క ఇంకోటుంది. పెడల్ వదలకముందే తప్పు తెలిసి అలాగే నొక్కి పట్టుకున్నా క్లచ్ ప్లేట్ అప్పటికే ఇన్‌పుట్ షాఫ్ట్‌తో పాటు 11,400 తిరుగుతోంది. దాని ఫేసింగ్ (రాసుకునే పైపొర) అంత వేగానికి చేసింది కాకపోతే ముక్కలై, క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లో చిమ్ముతుంది. మంచి సింక్రోలు ఉన్న బాక్సులో ఈ ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది. అరిగిన బాక్స్ అయితే కనీసం అరిచి మొరాయించేది.

ఆయిల్ గొడవ

గేర్ ఆయిల్ రకాల్లో రెండు పేర్లు వినిపిస్తాయి, జీఎల్-4, జీఎల్-5. జీఎల్-5లో గేరు పళ్లు ఒత్తిడిని తట్టుకునేలా చేసే సల్ఫర్-ఫాస్ఫరస్ రసాయనాలు ఎక్కువ. యాక్సిల్ గేర్లకి అది బలం. సింక్రోకి అదే పేచీ, రింగూ కోనూ రాసుకోవాల్సిన చోట మరీ జారుడుగా మారొచ్చు. ఇత్తడిని తినేస్తుందన్న భయం పాత ఆయిళ్లతో వచ్చింది. ఇప్పటి జీఎల్-5లు చాలావరకు ఇత్తడికి హాని లేకుండానే చేస్తున్నారు, రెండిటికీ సరిపోయే ఆయిళ్లూ ఉన్నాయి. కాబట్టి ఒక వర్గం "జీఎల్-5 వేస్తే బాక్స్ పోయినట్టే" అనడమూ, ఇంకో వర్గం "ఏదైనా ఒకటే" అనడమూ రెండూ అతే. రాపిడి గుణకం పడిపోతే కాపలా చెడుతుందని ముందే చూశాం కదా, ఆ గుణకాన్ని దృష్టిలో పెట్టుకుని కంపెనీ మాన్యువల్‌లో ఒక ఆయిల్ రాస్తుంది. మన ఎండలకి చిక్కటి ఆయిల్ మంచిదని మార్చేవాళ్లు రింగు తుడవాల్సిన పొరని మందం చేస్తున్నారు.

అరుపుని బట్టి

సెకండ్ హ్యాండ్ కారు చూసేటప్పుడు ఈ లెక్కలన్నీ ఒక్క టెస్ట్ డ్రైవ్‌లో చెవికి వినిపిస్తాయి. అన్ని గేర్లూ బరువుగా పడుతూ, రివర్స్ వేసేటప్పుడు కూడా కర్ర్‌మంటే అనుమానం క్లచ్ మీద. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో ఉండదు కాబట్టి, క్లచ్ నొక్కి కొన్ని సెకన్లు ఆగి వేసినా అరిచిందంటే ప్లేట్ విడవడం లేదని అర్థం. నెమ్మదిగా మారిస్తే బాగుండి, పైస్థాయి ఆర్‌పీఎంలో సెకండ్ ఒక్కటే అరిస్తే అది రింగు. బల్ల మీద పెట్టి చూస్తే దాని మరలు అద్దంలా మెరుస్తుంటాయి, కోన్ మీద వేసి ఫీలర్ గేజ్‌తో గేరు పళ్లకీ రింగుకీ మధ్య సందు కొలిస్తే కొత్తదానికి మిల్లీమీటరు అటూ ఇటూ ఉండాల్సింది అర మిల్లీమీటరు దగ్గరికి వచ్చి ఉంటుంది. పడిన గేరు యాక్సిలరేటర్ వదలగానే న్యూట్రల్‌లోకి జారిపోతుంటే స్లీవ్ పళ్లు, డాగ్ టీత్ కూడా గుండ్రబడ్డాయేమో చూడాలి. అలా అయితే రింగు ఒక్కటి మారిస్తే కుదరదు, గేరూ స్లీవూ హబ్బూ కలిపి సెట్టు కొనాల్సిందే. బేరం ఆ ఖర్చు తీసేసి ఆడాలి.